మెడ ఎత్తున కట్టిన తాడు

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు తిన్నగా నడవరు.

పొద్దున్నే బిందె చంకనెత్తుకుని ఏటికి బయల్దేరిన మనిషి నాలుగడుగులు మామూలుగానే వేస్తుంది. విత్తనాల కొట్టు మెట్ల దగ్గరికి రాగానే కుడి పక్కకి ఒరుగుతుంది. కరెంటు స్తంభం దగ్గర తల దించుతుంది. పిండిమర ముందు రోడ్డు దాటి అవతలికి పోతుంది, మర దాటాక మళ్ళీ ఇవతలికి వచ్చేస్తుంది. వెనకాల వచ్చే మనిషీ అంతే. ఇద్దరి మధ్యా కబుర్లు సాగుతూనే ఉంటాయి. కోడలి మీద చాడీ మధ్యలో తెగదు, ఒరగడమూ ఆగదు. మగవాళ్ళు మాత్రం నడిరోడ్డు మీద చేతులూపుకుంటూ పోతారు. పశువుల సంత గేటు దగ్గరా, సారాకొట్టు ముందూ ఒక పక్కడుగు వేస్తారేమో, అంతకంటే వాళ్ళకి శ్రమ లేదు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆ ఊళ్ళో కొట్టిన దెబ్బ పోదు. ఎక్కడ కొట్టారో అక్కడే, ఎంత ఎత్తున కొట్టారో అంతే ఎత్తున, గాల్లో నిలబడిపోతుంది. చెంపకి కొట్టింది చెంప కోసమే కాచుకుని ఉంటుంది. ఆ ఎత్తుకి ఎవరి చెంప వస్తే వాళ్ళకి తగులుతుంది. కొట్టినవాడు ఆరడుగులవాడు, తిన్నది భుజందాకా వచ్చే మనిషి. కాబట్టి ఊళ్ళో దెబ్బలన్నీ ఆడవాళ్ళ ఎత్తునే ఉన్నాయి, కొట్టినవాళ్ళు వాటి మీంచి హాయిగా నడిచిపోతారు. బడి వరండాలో అన్నీ నడుమెత్తున ఉంటాయి. మాస్టర్లకి ఏ బాధా లేదు, పిల్లలే గోడకి అంటుకుని నడుస్తారు. టీకొట్టు ముందు కుక్కలు కూడా చుట్టూ తిరిగి వెళ్తాయి. పోలీస్ స్టేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. లోపల కాలు పెట్టే సందు లేక ఇన్‌స్పెక్టరుతో సహా అందరూ వరండాలోనే బల్లలు వేసుకున్నారు.

గోడల మీదా స్తంభాల మీదా సున్నంతో గీసిన గీతలుంటాయి, ఎత్తు తెలియడానికి. కొత్తగా కాపురానికొచ్చిన వాళ్ళని ముందు ఊరంతా తిప్పి ఆ గీతలు చూపిస్తారు. దెబ్బని పోగొట్టే దారి ఒక్కటే ఉంది. కొట్టినవాడే వచ్చి, తన దెబ్బకి తన చెంప పెట్టి తినాలి. తింటే పోతుంది. ఊరి నిండా ఇన్ని గీతలున్నాయంటే, ఎంతమంది తిన్నారో లెక్క కట్టడం కష్టం కాదు.

అలాంటి ఊరికి ఒక మొగుడూ పెళ్ళాం చూడ్డానికని వచ్చారు.

చూడ్డానికి అక్కడ ఏముందని అడక్కండి. కోట లేదు, జలపాతం లేదు, ఫోటో తీసుకునే బొమ్మయినా లేదు. ఏరుంది. ఏటి పొడుగునా మొక్కజొన్న, ఉల్లి చేలు. అవతలి ఒడ్డుకి పోయే పడవ. బస్తాలు, మోటార్లు, బురద. ఆయనకి అదే కావాలి. ఆయనది పెద్ద ఊళ్ళో చెప్పుల షాపు. సెలవు దొరికితే చాలు, ఎవరూ వెళ్ళని ఊరు వెతుక్కుని వెళ్ళి, వెనక్కొచ్చి షాపుకొచ్చిన ప్రతివాడికీ "అక్కడికి మీరెళ్ళుండరు" అని చెప్పుకోవడం ఆయన సరదా. మనిషి మంచి పొడగరి. ఇంట్లో ఫ్యాను తుడవాలంటే స్టూలు అక్కర్లేనంత పొడుగు, తుడిచింది మాత్రం ఎప్పుడూ లేదు.

ఆవిడ టైలరు. షాపు వెనక గదిలో మిషను. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, భుజం కొలతా మెడ కొలతా టేపు పెట్టకుండా చెప్పేస్తుంది. మొగుడి చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. ఆయన కాలరు బొత్తాం నేల నుంచి ఎంత ఎత్తున ఉంటుందో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆయన చెయ్యి ఎంత ఎత్తు నుంచి ఎంత వేగంగా దిగుతుందో కూడా తెలుసు. పెళ్ళయినప్పట్నుంచీ తెలుసు.

బస్సు దిగగానే ఆయన చెంప మీద టప్పుమని పడింది.

"ఎవరిదిది?" అన్నాడాయన చెంప రుద్దుకుంటూ.

"పాత కండక్టరుదండీ," అన్నాడు బస్టాండులో వేరుశనగలమ్మేవాడు. "టికెట్టు తీసుకోనివాడిని ఒకణ్ణి కొట్టాడు. వాడూ మీలాగే పొడుగు. ఇలా పక్కనుంచి రండి."

ఆయన పక్కనుంచి వచ్చేశాడు. ఆవిడ మాత్రం సంచీ పట్టుకుని అక్కడే కాసేపు నిలబడింది. దెబ్బ తిన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో ఆవిడ చూడ్డం అదే మొదటిసారి. మిగతా మనుషుల ముఖంలాగే ఉంది.

ఆ ఊరికి ఉన్నది ఒకటే లాడ్జి, విత్తనాల కొట్టు మీద మేడ. దాన్ని నడిపే ఆవిడని ఊరంతా లాడ్జి అక్క అంటారు. గొంతు ఏటికి అవతల వినపడుతుంది. నడుముకి తాళాలగుత్తి.

"ఈ గది తీసుకోండి. ఇందులో ఏమీ లేవు. మా అమ్మ మీద ఒట్టు, శుభ్రమైన గది," అంది తలుపు తీస్తూ. "పక్కదాంట్లో మంచం దగ్గర ఒకటుంది. అందుకే ఉల్లిపాయలు వేసేశాం. ఉల్లిపాయలకి చెంపలుండవుగా."

టైలరమ్మ నవ్వింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నవ్వు ఆపేసింది. లాడ్జి అక్క ఇద్దర్నీ చూసింది. తువ్వాళ్ళు మంచం మీద పెట్టి దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఏటి ఒడ్డుకి బయల్దేరారు. పడవ రేవుకి దారి మొక్కజొన్న చేను మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా ముళ్ళకంచె, మధ్యలో ఒకే మనిషి పట్టే బాట. చేను సగంలో బాటకి అటూ ఇటూ రెండు గుంజలు పాతి అడ్డంగా తాడు కట్టి ఉంది. గుంజ పక్కన పీట మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నడుం రెండుగా వంగిపోయిన మనిషి. ఆయన్ని ఊళ్ళో గొడ్డలి తాత అంటారు, ఆయన వినేలాగే అంటారు.

"కాస్త వంగి రండి బాబూ. తాడు ఎత్తునే ఉంది అది," అన్నాడు తాత.

"ఏంటది?"

"గొడ్డలి. మెడకి."

"ఎవరిది?"

"నాదే. తిన్నది మా తమ్ముడు. గట్టు జానెడు జరిపాడని." తాత ఎండ గురించి చెప్పినట్టు చెప్పాడు. "జైలుకి పోయొచ్చాను. వచ్చాక రోజూ అనుకునేవాణ్ణి, రేపు పోయి తినేద్దాం, ఊరికి పీడా పోతుందని. రేపు రేపంటూనే ఏళ్ళు పోయాయి. ధైర్యం వచ్చేసరికి నడుం వంగిపోయింది. ఇప్పుడు నా మెడ అక్కడికి అందదు."

చెప్పులాయన గట్టిగా నవ్వాడు. "స్టూలు వేసుకో తాతా!"

"స్టూలు మోసుకొచ్చేంత ధైర్యం ఇంకా రాలేదు బాబూ," అన్నాడు తాత, ఏ కోపమూ లేకుండా.

టైలరమ్మ తాడు వైపు చూసింది. ఆవిడ తల మీద బెత్తెడు పైన ఉంది అది. తలెత్తుకునే దాని కిందనుంచి అవతలికి నడిచింది. వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన తాడుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. తాడు సరిగ్గా ఆవిడ కుట్టిన కాలరు బొత్తాం దగ్గరుంది. ఒక దారప్పోగు అటూ కాదు, ఇటూ కాదు.

"వంగండి," అంది మెల్లగా.

"ఒక తాడుకి నేను వంగాలా?" అని ఆయన వెనక్కి తిరిగి, చేను చుట్టూ బురద గట్టు మీద పడి వచ్చాడు. వచ్చేసరికి షాపులో తీసిన కొత్త తోలు చెప్పులు రెండూ బురద ముద్దలు. ఏరు ఎలా ఉందో ఆ సాయంత్రం ఆయన చూడలేదు. చెప్పులే చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున గదిలో వాష్ బేసిన్ దగ్గర గడ్డం గీసుకుంటున్నాడాయన. ఆవిడ పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఆ తాడు రాత్రంతా ఆవిడ కళ్ళ ముందునుంచి పోలేదు. అందుకే అంది.

"ఏవండీ, ఆ దారిలో మళ్ళీ వెళ్తే జాగ్రత్తండి. తాడు సరిగ్గా మీ కాలరు బొత్తాం ఎత్తునే ఉంది."

ఆయన రేజరు ఆపాడు. అద్దంలోంచి చూశాడు.

"నా చావు కొలుస్తున్నావా?"

"అయ్యో, అది కాదండీ..."

చెయ్యి దిగింది. ఆవిడ తల గోడకి తగిలింది. చెవిలో చాలాసేపు కీచుమని మోగింది. ఆయన మిగతా గడ్డం గీసుకుని, ముఖం కడుక్కుని, ఆవిడ చేతిలో తువ్వాలు లాక్కుని తుడుచుకుని టీకి కిందికి పోయాడు. ఇంట్లో ఎలాగో ఇక్కడా అలాగే. ఆయనకి సంబంధించినంతవరకూ అది అయిపోయింది.

కాసేపటికి లాడ్జి అక్క ఫ్లాస్కులో టీ తెచ్చింది. టైలరమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి దుప్పటి మడతపెడుతోంది, మడిచిందే మళ్ళీ మడుస్తోంది. బేసిన్‌లో కొళాయి కారుతోంది. కడదామని అక్క అటు వెళ్ళింది.

టప్.

ఫ్లాస్కు చేతిలోంచి పోయి నేల మీద బద్దలైంది. అక్క చెంప పట్టుకుని నిలబడిపోయింది. "ఈ గదిలో ఏమీ లేదే!" అంది తనలో తనే. తర్వాత తిరిగి టైలరమ్మ వీపు వైపు చూసింది.

"అమ్మాయ్, ఇటు తిరుగు."

"ఏం కాలేదక్కా. తడి మీద జారి పడ్డాను."

"జారి పడితే గాల్లో చెయ్యి మొలుస్తుందా? ఇటు తిరగమన్నానా!"

టైలరమ్మ తిరిగింది. ఎడం చెంప ఉబ్బి ఉంది. కంటి కింద ఉంగరం గీరిన గీత, అందులో నెత్తురు చెమ్మ. అక్క ఆ చెంపని చూసింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, బేసిన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, కళ్ళు గట్టిగా మూసుకుని, తన ఎడం చెంపని అదే చోట పెట్టింది.

టప్.

"ఓరి నీ చెయ్యి పడిపోను!" అంది అక్క. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఉంగరం లోపలికి తిప్పి కొట్టాడే వెధవ. తెలిసి కొట్టాడు. ఇంత గట్టిగానా తల్లీ? రోజూ ఇంతేనా?"

అప్పుడు టైలరమ్మ ఏడ్చింది. దెబ్బకి కాదు. దెబ్బలకి ఏడవడం ఆవిడ ఎప్పుడో మానేసింది. "మా ఊళ్ళో నిలబడవక్కా," అంది వెక్కుతూ. "కొట్టగానే పోతాయి. మా అమ్మకి చెప్తే ఏదీ, ఎక్కడా, నాకేం కనపడ్డం లేదే అంది. అత్తయ్యా అదే అంది. ఏళ్ళ తరబడి నాకే అనిపించేది, ఇవన్నీ నేనే ఊహించుకుంటున్నానేమోనని. నువ్వు తిన్నావు చూడు... నాకు తగిలినట్టే తగిలిందా నీకు? అచ్చం అలాగే?"

"అచ్చం అలాగే."

అక్క ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "మా నాన్నా కొట్టేవాడు మా అమ్మని. వంటింటి గుమ్మంలో ఒకటి, పెరట్లో ఒకటి, ఎన్నో. అమ్మ పోయాక ఒక్కడూ ఆ ఇంట్లో తిరిగేవాడు, తనకి ఒక్కటీ తగిలేది కాదు. అమ్మ మరీ పొట్టి. ఒక రోజు పొద్దున్నే గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పటికిగానీ చెంప అందలేదు. ఒక్కొక్కటే తిన్నాడు. ముక్కులోంచి రక్తం కారుతున్నా లేవలేదు. కాబట్టి మగాడికి చేతకాదని నాకు చెప్పకు. చేతవుతుంది. నీ మొగుడు ఈ గది శుభ్రం చేసే వెళ్తాడు."

కిటికీలోంచి తల బయట పెట్టి ఒక్క కేక వేసింది. విత్తనాల కొట్టామె వచ్చింది. దుప్పట్లు ఉతికే ఆవిడ తడి చేతులతోనే వచ్చింది. అక్క వాళ్ళకేం చెప్పలేదు, బేసిన్ దగ్గర చోటు చూపించింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి చెంప పెట్టి తిన్నారు. దుప్పట్లావిడ గోడ పట్టుకుని కాసేపు నిలబడి, "మా ఆయనది దీనికంటే తేలిక," అంది.

టీకొట్టులో చెప్పులాయన నలుగురి మధ్యలో కూర్చుని, తను చూసిన ఊళ్ళ పేర్లు చెబుతున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ముగ్గురి ఎడం చెంపలూ ఎర్రగా ఉన్నాయి. ముగ్గురి కంటి కిందా ఒకే గీత, ఒకే ఉంగరం అచ్చు. టీకొట్టులో ఉన్నవాళ్ళంతా ఆ చెంపలు చూశారు, తర్వాత ఆయన చూపుడు వేలి ఉంగరం చూశారు.

"పైకి రా," అంది లాడ్జి అక్క. "నా గదిలో నీ దెబ్బ వేలాడుతోంది. వంగి తిని పో."

"ఏంటీ?"

"చెవుడా? మోకాళ్ళు వంచితే సరిపోతుంది. నీ పెళ్ళాం నీ భుజందాకా ఉంది. మరీ అంత కష్టమేం కాదు."

వెనక బల్ల మీద ఎవడో కిసుక్కుమన్నాడు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. గ్లాసు నేలకేసి కొట్టి లేచాడు. లాడ్జి మెట్ల మీద టైలరమ్మ నిలబడి ఉంది. ఆయన మెట్లెక్కి ఆవిడ జుట్టు పిడికిట పట్టి ముఖం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు పెద్దది చేయలేదు. ఆయన అసలైన మాటలన్నీ చిన్న గొంతుతోనే అంటాడు.

"నన్ను ఊరందరి ముందూ పెడతావా? సంచీ సర్దు. ఇప్పుడే బస్సు. ఇంటికి పద. అక్కడ ఏదీ నిలబడదు, తెలుసుగా? ఎంత కొట్టినా నిలబడదు. ఈసారి నువ్వు కూడా నిలబడవు."

ఆ మాటలు నిజమని ఆవిడకి తెలుసు. కొలత తప్పని మనిషి. ఆయన కళ్ళల్లో ఎంత ఉందో చూసింది. బస్సెక్కితే తను మళ్ళీ ఏ బస్సూ ఎక్కదు.

లాడ్జి అక్క మధ్యలో దూరింది. ఆయన పిడికిలి అక్క నోటి మీద పడింది, ఆమె మెట్ల మీదనుంచి వెనక్కి దొర్లి విత్తనాల బస్తాల మీద పడింది. ఆ కొట్టడంలో పిడికిట్లో జుట్టు వదులైంది. టైలరమ్మ చెయ్యి కిందనుంచి దూరి పరిగెత్తింది.

పరుగంటే తిన్నగా కాదు. నిన్న సాయంత్రం ఆ రోడ్డు మీద సున్నపు గీతలన్నీ ఆవిడ కంటితో కొలిచే ఉంది. కొట్టు మెట్ల దగ్గర ఒరిగింది, స్తంభం దగ్గర తల దించింది, పిండిమర ముందు అవతలికి దూకింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడదానిలా పరిగెత్తింది. వెనకాల ఆయన నడిరోడ్డు మీద తిన్నగా వచ్చాడు. ఆయన ఎత్తున అడ్డమేముంది? సారాకొట్టు ముందు మాత్రం రెండు గుద్దులు దవడకి తగిలాయి, పెదవి చిట్లింది. ఆగలేదు. ఆ రెండిటి కోపం కూడా ఆవిడ ఖాతాలోనే వేసుకుని ఇంకా గట్టిగా వచ్చాడు.

ఆ దారినే ఎందుకు పోయావని తర్వాత ఆవిడని చాలామంది అడిగారు. పడవ కోసం. ఊళ్ళోంచి బయటికి బస్సు కాకుండా ఉన్నది పడవొక్కటే, పడవకి దారి ఆ చేను మధ్య బాటొక్కటే. అడిగినవాళ్ళకి ఇదంతా తెలుసు. అయినా అడిగారు.

తాడు కిందనుంచి ఆవిడ వంగకుండానే దూసుకుపోయింది. గొడ్డలి తాత పీట మీదనుంచి లేచి రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "బాబూ, తాడు! తాడు!"

ఆయన ఆగాడు. కోపంలో కూడా గుర్తొచ్చింది. నిన్నటిలా గట్టు మీదనుంచి చుట్టి రావచ్చు. కానీ అవతల రేవులో పడవవాడు తాడు విప్పుతున్నాడు. పడవలో మనుషులు తిరిగి చూస్తున్నారు. చుట్టి వచ్చేలోపు ఆవిడ ఏటి మధ్యలో ఉంటుంది.

తాడుని ఒక్క గుంజు గుంజాడు. పాత తాడు, పుటుక్కున తెగింది. తాడు తెగినంత మాత్రాన గొడ్డలి పోదని ఆయనకీ తెలుసు. పళ్ళు బిగించి, చూపు ఆవిడ మీదనుంచి తిప్పకుండా, మోకాళ్ళు వంచి, తల ముందుకి పెట్టి వంగాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి ఆవిడ ముందు వంగాడు.

టైలరమ్మ అవతల నాలుగడుగుల దూరంలో ఉంది. పరిగెత్తాల్సిందే. కాని పరిగెత్తలేదు. తెగిన తాడు లేకపోయినా ఆ ఎత్తు ఆవిడకి గాల్లో గీత గీసినట్టు కనిపిస్తోంది. ఆయన మెడ దానికి కిందనే ఉంది. కాని ఎంత కింద? వేలెడు. చాలదు. ఒక చొక్కాకి కాలరు పెట్టేటప్పుడు చేతులు వాటంతటవే ఎలా కదుల్తాయో అలా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇంకొంచెం వంగండీ!" అని అరిచింది.

పడవలో ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. నవ్వు నీళ్ళ మీదనుంచి స్పష్టంగా వచ్చింది.

ఆయన ముఖం నల్లబడింది.

"వంగండీ, మీకు దణ్ణం పెడతాను, ఇంకొంచెం..."

"నాకు చెప్తావా?" అన్నాడాయన. "నువ్వు నాకు చెప్తావా?"

అని నిటారుగా లేచాడు.

చప్పుడు పచ్చి కర్ర నరికినట్టు వచ్చింది. మొక్కజొన్న ఆకు ఒక్కటి కదల్లేదు. ఆకులకి మెడలుండవు. రక్తం మాత్రం వాటి మీద చాలా దూరం చిమ్మింది. ఆయన కొన్ని క్షణాలు అంత పొడుగునా నిలబడే ఉన్నాడు, తర్వాత గొడ్డలి తాత తమ్ముడు పడ్డ చోటే, అదే పక్కకి, పడ్డాడు.

టైలరమ్మ అక్కడే కూలబడింది. తెల్లచొక్కా కాలరు ఎర్రబడడం చూస్తూ కూర్చుంది. ఆ కాలరుకి రెండు వరసల కుట్టు వేసింది తనే. కుట్టు తెగలేదు.

ఇన్‌స్పెక్టరు స్టేషన్ వరండాలోంచి లేచి వచ్చేసరికి ఊరు ఊరంతా బాట మీద ఉంది. పై పెదవి వాచిపోయిన లాడ్జి అక్క ఒక దుప్పటి తెచ్చి శవం మీద కప్పింది. ఇంకో దుప్పటి టైలరమ్మ భుజాల మీద కప్పింది. రెండూ ఒకే రకం దుప్పట్లు.

"ఎవరు కొట్టారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే బాబూ," అన్నాడు గొడ్డలి తాత.

"నువ్వు పీట మీద కూర్చున్నావంటగా."

"ఎక్కడ కూర్చుంటే ఏం? చెయ్యి నాదే. అనుమానంగా ఉంటే మీ మెడ పెట్టి చూడండి."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. టైలరమ్మ వైపు చూశాడు. "ఆ దెబ్బకి నీకు ఎప్పుడో శిక్ష పడిపోయింది తాతా. ఇప్పుడు ఈ ఆడమనిషి ఉంది. మొగుడితో గొడవ పడింది. దెబ్బ ఇక్కడుందని తెలుసు. ఎత్తు కూడా తెలుసట. కావాలనే ఇటు లాక్కొచ్చిందేమో?"

టైలరమ్మ నోరు తెరిచింది. కావాలనా, కాదా? ఆ ప్రశ్నకి జవాబు లోపల ఎక్కడుందో వెతుకుతోంది. ఈలోపు తాత తన చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"వంగమంది! ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అంది. దణ్ణం పెడతానంది. నేను విన్నాను, పడవలోవాళ్ళు విన్నారు. అంతకంటే మొగుడికి ఏ పెళ్ళాం ఏం చెప్తుంది? నా తమ్ముడికి నేను ఆ మాట కూడా చెప్పలేదు." రొప్పుతూ ఆగాడు. "శిక్ష పడింది మా తమ్ముడి చావుకి. ఈయన చావుకి పడలేదు. నేను రోజూ రేపు రేపంటూ కూర్చోకపోతే ఇక్కడ ఏమీ ఉండేది కాదు, ఈయన బతికుండేవాడు. నన్ను తీసుకుపోండి."

పడవలోవాళ్ళు అవునన్నారు. నవ్విన ఆడమనిషి కూడా అంది, తల దించుకుని. ఇన్‌స్పెక్టరు గొడ్డలి తాతని తీసుకుపోయాడు. పోతూ పోతూ తాత తెగిన తాడు ముక్కలు ఏరి టైలరమ్మ ఒళ్ళో పెట్టాడు.

"ఎండకి పీచు పడుతుంది తల్లీ. పాతబడేదాకా ఆగకు. నేను ఆగాను," అన్నాడు. తర్వాత ఆగి, ఎప్పుడూ లేనిది, చిన్నగా నవ్వాడు. "జైల్లో నయమేలే. తాడు కట్టే పని ఉండదు."

ఆవిడ ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. లాడ్జి అక్క ఆ గదిలో ఉల్లిపాయలు నింపి తాళం వేసేద్దామంది. కొట్టినవాడు పోయాడు కాబట్టి ఇక దాన్ని తినేవాడు లేడు, అది అక్కడ అలాగే ఉంటుంది. టైలరమ్మ ఒప్పుకోలేదు. "నాకు సాక్ష్యం అదొక్కటే అక్కా," అంది. కుట్టుమిషను తెప్పించి సరిగ్గా దాని కిందే వేసుకుంది. కూర్చుని కుడుతుంటే ఆ చెయ్యి తల మీదుగా పోతుంది, తగలదు. లేచేటప్పుడు మాత్రం ఎడమ పక్కకి ఒరిగి లేస్తుంది. మిషను ఆగకుండా, కబుర్లు తెగకుండా.

పొద్దున్నే మిషను దగ్గర కూర్చునే ముందు చేనుకి పోతుంది. మెడలో టేపు, చేతిలో కొత్త తాడు. గుంజల మధ్య తాడు కట్టి, టేపుతో ఎత్తు చూసి, వాన పడి సాగితే మళ్ళీ బిగిస్తుంది. పడవ వచ్చే వేళకి తాత పీట మీద కూర్చుంటుంది.

మొన్నామధ్య ఒకాయన వచ్చాడు, ఎక్కడో దూరం ఊరు, మెడలో కెమెరా. ఎవరూ చూడని చోట్లు చూడ్డం ఆయనకి సరదాట. పొడగరి. వెనకాల పెళ్ళాం, సంచులన్నీ ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి.

"వంగండి," అంది టైలరమ్మ.

ఆయన తాడు వైపు చూశాడు. పీట మీద కూర్చున్న ఆడమనిషి వైపు చూశాడు. ఆవిడ కంటి కింద ఉన్న గీత వైపు చూశాడు. ఏదో అనబోయి పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె సంచులు కింద పెట్టి, చేతులు కట్టుకుని చూస్తోంది.

వంగాడు.

"ఇంకొంచెం," అంది టైలరమ్మ.

ఇంకొంచెం వంగాడు.